ఉర్లు వేసేవాండ్లు

ఆ చితుకులు ఇంకాస్త లోపలికి తొయ్యి నాయనా, చెప్తా.

మీరు ఉద్యోగాలని తిరగతా ఉండే ఈ బెంగుళూరు చుట్టుపక్కల్నే, 1799లో శ్రీరంగపట్నం పడిపోయినాక, కుంపిణీవాళ్ళు నూరుమంది దాకా పట్టుకున్నారు. బాటసారుల మెడకు ఉరేసి చంపి దోచుకునేవాళ్ళని. పట్టుకున్నారు గానీ, ఇది తరతరాల వృత్తని దొరలకు అప్పుడు తెలీలేదు. తెలిసింది మన చిత్తూరు పక్కన, 1807లో. తిరువాన్కూరు దాకా పోయి దోచుకొని వస్తా ఉన్న గుంపొకటి చిత్తూరికీ ఆర్కాటుకీ నడుమ దొరికింది. వాళ్ళు నోరు విప్పితే గదా, కథ బయటపడింది! ఊర్లో ఉన్నన్నాళ్ళూ సేద్యగాళ్ళే. పాళెగాళ్ళకు దోపిడీలో వాటా ఇచ్చి, వాళ్ళ నీడన బతికేవాళ్ళంట.

మదరాసులో షేర్వుడ్ అనే డాక్టరు 1816లో వీళ్ళమీద వ్యాసం రాసినాడు. మన భాషల్లో పేర్లు కూడా ఎక్కించినాడు: తెలుగులో ‘ఉర్లు వేసేవాండ్లు’, కన్నడంలో ‘తంతి కళ్ళరు’. మనోళ్ళు చేతిలో ఉరిని చూసి పేరు పెట్టినారు. ఉత్తరాదివాళ్ళు ‘ఠగ్’ అన్నారు, అంటే మోసగాడు. సంస్కృతంలో ‘స్థగ’ దీనికి మూలం. నన్నడిగితే ఆ పేరే సరైంది. వాడు మీసం మెలేసే బండోడు కాదురా. సత్రంలో వచ్చి పక్కన కూర్చుంటాడు. ‘దోవలో దొంగల భయం, కలిసి పోదాం రండి’ అంటాడు. మీతోనే వండుకొని తింటాడు, మీ పిల్లోళ్ళ బాగోగులు అడగతాడు. అదును చూసి గుడ్డ మెడకేస్తాడు. జీతం మూటగట్టుకొని సెలవుమీద ఊరికి పోయే సిపాయిలు శానామంది ఇట్లనే పోయినారు. 1810లో బెంగాలు సైన్యం జనరలొకాయన, రొక్కం చేతబట్టుకొని పోవద్దు, హుండీలు రాయించుకోండని సిపాయిలకు హుకుం పంపినాడు.

తర్వాత ఈ ఠగ్గుల్ని అణచేదానికి స్లీమన్ అనే కుంపిణీ దొర దిగినాడు. 1836 చట్టంతో, ఠగ్గుల గుంపులో ఉన్నాడని తేలితే చాలు, హత్య రుజువు కాకపోయినా యావజ్జీవం. సాక్ష్యాలు చెప్పింది ఎక్కువగా ఉరి తప్పించుకోను అప్రూవర్లయినోళ్ళే. అందుకే ఠగ్గులు కాళికాదేవికి పూజలు చేసి చంపేవాళ్ళనే కథలు నేను సగమే నమ్ముతా. నైజాము కొలువు చేసిన మెడోస్ టేలరు 1839లో ఠగ్గు కథ నవలగా రాస్తే, ఇంగ్లండులో ఎగబడి చదివినారు. ఆ దేశం పోయినాక ‘ఠగ్’ అనే మాటలో మోసం జారిపోయి, మొరటుతనం ఒకటే మిగిలింది.