లండన్ మాటల రేడియో ఎల్‌బీసీ

లండన్‌లో క్యాబ్ నడిపే మనవాళ్లకు, రాత్రి డ్యూటీలు చేసేవాళ్లకు రేడియో మంచి తోడు. పాటలు కాకుండా రోజంతా వార్తలు, చర్చలతో నడిచే స్టేషన్ ఎల్‌బీసీ. దాని చరిత్ర మనం కొంచెమైనా తెలుసుకోవాలి. ఎందుకంటే వీసాలు, జీతాలు, అద్దెల గురించి అక్కడ చర్చ జరిగినప్పుడల్లా అది మన గురించి కూడా.

ఒకప్పుడు బ్రిటన్‌లో రేడియో అంటే బీబీసీయే. ప్రైవేటు వాళ్లు 1960లలో సముద్రంలో ఓడలు నిలిపి, లైసెన్సు లేకుండా పాటలు వేసేవారు. 1972లో చట్టం మారింది. 1973 అక్టోబరు 8న ఎల్‌బీసీ మొదలైంది. లైసెన్సుతో వచ్చిన తొలి వాణిజ్య రేడియో ఇదే. పాటల స్టేషన్ క్యాపిటల్ రేడియో ఆ తర్వాత ఎనిమిది రోజులకు వచ్చింది. ఎల్‌బీసీ స్టూడియో పత్రికాఫీసుల వీధి ఫ్లీట్ స్ట్రీట్ పక్కనే ఉండేది.

వార్తల రేడియోకి ఖర్చెక్కువ. పాటల రేడియోలా రికార్డు పెట్టి ఊరుకుంటే కుదరదు, విలేకరులు కావాలి. అందుకే ఈ స్టేషన్ ఎన్నోసార్లు చేతులు మారింది. 1993లో లైసెన్సు కూడా దక్కలేదు. మరుసటి ఏడాది ఆ పేరే గాలిలోంచి పోయింది. 1996లో మళ్లీ తిరిగొచ్చింది. 2014 నుంచి డిజిటల్‌లో దేశమంతా వినిపిస్తోంది.

దాన్ని నిలబెట్టింది ఫోన్ చేసే శ్రోతలే అని మేము అనుకుంటాం. 2013లో ఉప ప్రధాని నిక్ క్లెగ్ వారం వారం అందులో కూర్చుని మామూలు జనం ప్రశ్నలకు జవాబులిచ్చారు. మన దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎంలకు సొంత వార్తలు చెప్పే అనుమతే లేదు. కాబట్టి ఇలాంటి రేడియో మనకు కొత్తే.

ఇలాంటి కార్యక్రమాలకు ఫోన్ చేస్తే ముందు సిబ్బంది ఎత్తి, ఏం చెప్పదలచుకున్నారో అడుగుతారు. నచ్చితే లైన్లో ఉంచుతారు. పేరు, ఏరియా చెబితే చాలు. ఇంగ్లీషు తడబడినా ఫర్వాలేదు, చెప్పే సంగతి సూటిగా ఉండాలి. పని చేసే చోటు పేరు మాత్రం చెప్పకండి, ఉద్యోగానికి ఇబ్బంది రావచ్చు.

వలస కార్మికుల మీద చర్చ జరిగే గంటలో వలస కార్మికుడి గొంతు లేకపోతే, మన సంగతి వేరేవాళ్లే చెప్పేస్తారు.