కోఠీలోని ఒక ఇల్లు - దాని యజమానులు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంఘం వారు అడగగానే, నాకు తోచింది నేను మన బడి విడిచాక చదువుకున్న కోఠీ మహిళా కళాశాల భవనం. రోజూ ఎక్కి దిగిన ఆ మెట్లు ఎవరు కట్టించారో చదువుకునే రోజుల్లో మాలో చాలామందికి పట్టలేదు.

నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, 1803లో మూసీ ఒడ్డున దీని నిర్మాణం మొదలుపెట్టించాడు. నక్షా శామ్యూల్ రస్సెల్‌ది, ఖర్చు నిజాం ఖజానాది. ముందు ఎత్తైన స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ సింహాలు. ‘కోఠీ’ అంటే పెద్ద భవంతి. ఆ మాటే పేటకు పేరైంది.

కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు కులీన కుటుంబపు ఆడపడుచు ఖైరున్నీసాను పెళ్లాడాడు. ఆమె కోసం ఆవరణలోనే రంగమహల్ కట్టించాడు. పరదాలో ఉన్న బేగం చూడటానికి భవనం నమూనాను తోటలో కట్టించాడని చెబుతారు. 1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండుకు పంపారు. అదే ఏడు కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో కన్నుమూశాడు. తల్లి 1813లో పోయింది. బిడ్డలను మళ్లీ చూడనేలేదు. కూతురు కిట్టీ మాత్రం ఎన్నో ఏళ్ల తర్వాత అమ్మమ్మతో ఉత్తరాలు నడిపింది. రంగమహల్‌ను తరువాతి రెసిడెంట్ల కాలంలో పడగొట్టేశారు.

ఆ తరువాత ఇది కాపురపు ఇల్లుగా కంటే అధికారపు గడపగానే నిలిచింది. అందుకే 1857 జులైలో తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనంతో వచ్చి ముట్టడించింది ఈ రెసిడెన్సీనే. ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు, ఇంకొకరు అండమాన్ చేరారు.

1947తో రెసిడెంట్లు వెళ్లిపోయారు. 1924లో ఆరంభమైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఇక్కడికి వచ్చింది. ఒకప్పుడు ఒక బేగం పరదా చాటున ఉన్న ఆవరణలో వేలమంది ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని తిరిగారు. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైంది. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. శిథిలమైన భవనానికి వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తోడ్పాటుతో మరమ్మతులు జరిగాయి.

కిర్క్‌పాట్రిక్ కుటుంబం కథ మనకు తెలిసింది ఉత్తరాలు, దస్తావేజులు మిగిలినందువల్లే. రంగమహల్‌లో పనిచేసిన దాసీలు, రాళ్లు మోసిన కూలీల పేర్లు ఎక్కడా లేవు. మన బడికి యాభై ఏళ్లే. గోడలు లేపిన మేస్త్రీని, మొదటి గంట కొట్టిన అటెండరును ఎరిగినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. పూర్వ విద్యార్థులు, గురువులు తమ దగ్గరున్న ఫొటోలు, రసీదులు, జ్ఞాపకాలు సంఘానికి అందజేస్తే, వందేళ్ల సంచిక రాసేవారికి వెతుక్కునే పని తప్పుతుంది.