ఎల్-1 వీసా: బెంగళూరు నుంచి అమెరికాకు ఉద్యోగుల బదిలీ

ఒక కంపెనీ తన విదేశీ కార్యాలయంలోని ఉద్యోగిని అమెరికా శాఖకు బదిలీ చేసేందుకు ఇచ్చే వీసా ఎల్-1. ఇది 1970లో ఏర్పడింది. బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలు హెచ్-1బీతో పాటు దీనిని కూడా వినియోగిస్తున్నాయి.

నిబంధనలు: బదిలీకి ముందు మూడేళ్లలో కనీసం ఒక సంవత్సరం అదే కంపెనీలో నిరంతరంగా పనిచేసి ఉండాలి. గరిష్ఠ కాలపరిమితి మేనేజర్లకు 7, ప్రత్యేక పరిజ్ఞానం గలవారికి 5 సంవత్సరాలు. హెచ్-1బీకి ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి అదనంగా 20,000 అనే పరిమితి ఉంది. అక్కడి స్థాయి వేతనం ఇవ్వాలనే షరతు కూడా ఉంది. ఎల్-1కు ఈ రెండూ లేవు.

వివాదం: చౌకగా మనుషులను తెచ్చి తమను తొలగిస్తున్నారని అమెరికా ఉద్యోగుల ఆరోపణ. తగిన నిపుణులు అక్కడ చాలినంతగా దొరకడం లేదని కంపెనీల సమాధానం. ఎల్-1 ఉద్యోగులను ఇతర సంస్థలకు కేవలం అద్దె పనివారుగా పంపడాన్ని 2004 నాటి చట్టం అడ్డుకుంది. బీ-1 సందర్శక వీసాల వినియోగంపై వచ్చిన కేసులో బెంగళూరుకు చెందిన ఇన్ఫోసిస్ 2013లో 3 కోట్ల 40 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడింది. మోసం ఆరోపణను మాత్రం అంగీకరించలేదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై ప్రకటించిన లక్ష డాలర్ల రుసుము ఎల్-1ను ఉద్దేశించినది కాదు.

కుటుంబాలు గమనించవలసినది: ఎల్-1పై వెళ్లినవారు అదే వీసాతో వేరొక కంపెనీలో చేరలేరు. ఉద్యోగం పోతే లభించే గడువు గరిష్ఠంగా 60 రోజులే. జీవిత భాగస్వామి ఎల్-2 వీసాపై ఉద్యోగం చేయవచ్చు. కనుక ఆ జీతాన్ని నమ్ముకొని అప్పు చేసే ముందు గానీ, సంబంధం ఖాయం చేసుకొనే ముందు గానీ వీసా ఏదో, గడువు ఎంతో విచారించుకొనడం మేలు.