అశోకుని ప్రతివేదకులు

కర్నూలు మండలమున, గుత్తినుండి పత్తికొండకుఁ బోవు త్రోవలో, ఎఱ్ఱగుడి యను గ్రామము కలదు. దాని సమీపమందలి గుట్టబండలమీఁద మౌర్యచక్రవర్తి యగు అశోకుని చతుర్దశశిలాశాసనములును, లఘుశిలాశాసనములును గూడఁ జెక్కఁబడి యున్నవి. 1928-29 ప్రాంతమున భూగర్భశాస్త్రజ్ఞుఁ డొకఁడు వీనిని గనుఁగొనువఱకు నీ సంగతి పండితలోకమునకుఁ దెలియదు. తెలుఁగునాట నీ రెండు తెగల శాసనములు నొక్కచోట నుండు తావు మఱియొకటి లేదు. ఈ సాన్నిధ్యమువలన మన కొక ప్రయోజనము కలుగుచున్నది. అది యెట్లన:

ఎఱ్ఱగుడి లఘుశాసనమున రాజు తన యాజ్ఞను రజ్జుకుల కిచ్చుచున్నాఁడు. రజ్జుకులు భేరి మ్రోగించి జానపదులకును, రాష్ట్రికులకును దానిని దెలుపవలెను. ఏనుఁగుల నెక్కువారును, కరణకులును, రథవిద్య నేర్పు నాచార్యులును, బ్రాహ్మణులును దమ తమ యంతేవాసులకు దానిని బోధింపవలెను. (మన గ్రామకరణముల పేరునకు మూలమగు శబ్ద మిచ్చట నిట్లు కానవచ్చుచున్నది. ఆ యుద్యోగము 1984లో రద్దయినను మాట మాత్రము పోలేదు.) ఇది రాజునొద్దనుండి ప్రజలకుఁ దిగివచ్చు మార్గము. ఆ గుట్టమీఁదనే యున్న యాఱవ శిలాశాసనమున దీనికి విపరీతమగు మార్గము చెప్పఁబడినది. ప్రజలమాట రాజునొద్ద కెక్కవలసిన త్రోవ యది. మొదటిదానిని గూర్చి విద్వాంసులు చాల వ్రాసిరి. రెండవదానిని ధర్మోత్సాహ మని మెచ్చి విడిచినవారే యెక్కువ. అందలి రెండు మూఁడు పదములను విచారించినచో అది మెప్పుమాట గాక రాజ్యతంత్రమున నొక క్రొత్త యేర్పాటని తేటపడఁగలదు.

ఆఱవ శాసనాభిప్రాయ మిది. పూర్వకాలమున రాచకార్యములు సర్వకాలములందును నడచుట లేదు, ప్రతివేదనయు లేదు. కావున రాజు క్రొత్త కట్టడి చేసినాఁడు. తాను భుజించుచున్నను, అంతఃపురమున నున్నను, పడకయింట నున్నను, వాహనమున నున్నను, ఉద్యానములం దున్నను, ప్రతివేదకులు జనుల కార్యమును దనకు విన్నవింపవలెను. తాను నోటిమాటగా నిచ్చిన యాజ్ఞవిషయమునఁ గాని, మహామాత్రులపై నుంచఁబడిన తొందరపనివిషయమునఁ గాని పరిషత్తులో వివాదము పుట్టినయెడల అదియును వెంటనే తెలుపవలెను. ఎంత పాటుపడినను దనకుఁ దృప్తి లేదనియు, సర్వలోకహితమునకు మించిన పని లేదనియు, తాను చేయు ప్రయత్నమెల్ల భూతముల ఋణము తీర్చుకొనుటకే యనియు రాజు తుదిని చెప్పుకొనుచున్నాఁడు.

పై పట్టికలో 'వచ' యను చోటొకటి కలదు, దానిని నేను విడిచితిని. కొందఱది 'వ్రజ'మని, గోశాల యనిరి. కొందఱు 'వర్చస్సు' అని, మలవిసర్జనస్థాన మనిరి. వాయవ్యదిక్కునందలి షాబాజ్‌గఢీ ప్రతిలో రేఫము నిలిచి 'వ్రచ' యని యుండుటచే మొదటి పక్షమే గెలిచెనని తలఁచుట యుచితము కాదు. ధర్మశబ్దమును 'ధ్రమ' యని వ్రాయు ప్రతి యది. అందు రేఫము తన చోటు విడిచి ముందునకు దుముకుట పరిపాటి. ఎట్లయిన నేమి, రాజును జేరరాని చోటు లేదనుటయే తాత్పర్యము.

ఇఁక 'ప్రతివేదక' శబ్దము. విద ధాతువునకు ణిచ్చు చేరి 'వేది' యగును. దానిపైఁ గర్తయందు ణ్వుల్ వచ్చి, వు స్థానమున అకాదేశమై, ప్రతి యను నుపసర్గతోఁ గూడి 'ప్రతివేదకుఁడు' సిద్ధించును. ఎఱుఁగువాఁడు కాఁడు, ఎఱిఁగించువాఁడు. కొందఱు చరిత్రకారులు వీరు కౌటిల్యుని గూఢపురుషులే యని యొక్కమాటతోఁ దేల్చివైచిరి. నే నందుల కంగీకరింపఁజాలను.

అర్థశాస్త్రము ప్రథమాధికరణమునఁ జెప్పఁబడిన సత్రులు తీర్థములందును, సభలందును, జనము గూడిన చోట్లందును ఇరువురై కూడి కపటవివాదము చేయుదురు. ఒకఁడు రాజు పన్నులతోఁ బీడించుచున్నాఁ డనును. వేఱొకఁడు ప్రభుత్వ మెందు లకో, పన్నేల యీయవలెనో చెప్పి వానిని ఖండించును. ఈ నడుమ వినువారు ఎవరి పక్షమునకుఁ దలయూఁపుదురో కనిపెట్టుటయే పని. తుష్టులను గౌరవించి, అతుష్టులను సామదానాదులచే లోఁబఱచుకొనవలెను. ఇందును బ్రజాభిప్రాయసంగ్రహము లేకపోలేదు. కాని యది రాజు తన భద్రతకొఱకుఁ జేయునది. అభిప్రాయము చెప్పినవాఁడు తాను చెప్పినట్లే యెఱుఁగఁడు. చారుఁడు తన్నుఁ దాను దాఁచుకొనును. ప్రతివేదకుని మాట వేఱు. అతని నియామకమునే రాజు ఱాతిమీఁదఁ జెక్కించి లోకమునకుఁ జాటినాఁడు. గూఢచారి నుంచితినని బండమీఁద వ్రాయించుకొను రాజు కలఁడా?

ప్రతివేదకునకు దగ్గఱగా నుండునది యర్థశాస్త్రమునందే మఱియొకచోటఁ గలదు. దివసమునందలి యెనిమిది భాగములలో రెండవదానిని బౌరజానపదుల కార్యములకు రాజు వినియోగింపవలెను. సభామండపమునకు వచ్చిన కార్యార్థులను ద్వారమునొద్ద నిలువఁబెట్టరాదు. దర్శన మరిది యైన రాజుచేఁ బరివారము చేయవలసినదానిని చేయరానిదానినిగాను, చేయరానిదానిని చేయవలసినదానినిగాను దాఱుమాఱు చేయించును. దానివలనఁ బ్రజలు కోపింతురు, లేదా రాజు శత్రువశుఁ డగును. ఆత్యయికమగు కార్యమును దాటవేయక వినవలె ననియు నచ్చటనే యున్నది. ఈ 'ఆత్యయిక' శబ్దమే యశోకుని శాసనమున 'ఆచాయిక' రూపమునఁ గానవచ్చును. అత్యయశబ్దముపై ఠక్ ప్రత్యయము, ఆదివృద్ధి. ప్రాకృతమునఁ త్యకారము చకారమైనది. అర్థశాస్త్రకాలనిర్ణయము వివాదగ్రస్తము గావున నెవ్వ రెవ్వరినుండి గ్రహించిరని చెప్పను. ఇరువురును రాజాస్థానములందు వాడుకలో నున్న యొక్క పరిభాషనే పలుకుచున్నారన్న చాలును.

ఇచ్చట నొక చిక్కు కలదు. పూర్వమీ యాచారము లేదని యశోకుఁడు చెప్పుచుండఁగా, ఆతని పితామహుఁడగు చంద్రగుప్తుని యాస్థానమునకు వచ్చిన గ్రీకురాయబారి మెగస్తనీసు వేఱువిధముగాఁ జెప్పెను. రాజు పగలంతయు న్యాయసభలోఁ గూర్చుండి వ్యవహారములు వినుననియు, అంగమర్దనసమయము వచ్చినను వినుట మానక, నలుగురు పరిచారకులు కొయ్యదుండ్లతో నొడలు రుద్దుచుండఁగనే వినుచుండుననియు నాతఁడు వ్రాసినట్లు స్ట్రాబో యుదాహరించెను. రాజ్యమునఁ జరుగుచున్నదానిని జూచి రాజునకుఁ దెలుపు పర్యవేక్షకుల వర్గ మొకటి యుండెననియు మెగస్తనీసు మాటగానే వచ్చుచున్నది. అట్లయిన మనుమఁడు తాత కీర్తిని మ్రింగివేసినాఁడా?

అట్లనుకొన నవసరము లేదు. చంద్రగుప్తుని సభలో జనులు రాజునొద్దకు వచ్చిరి. పాటలీపుత్రమునకు నడచి రాఁగలవాని మొఱ వినఁబడును. సువర్ణగిరి దాపున నున్న రైతు మాట యేమి? సభ ముగిసినతరువాత వచ్చినవాని గతి యేమి? అశోకుఁడు లేదనినది వినుట కాదు, సర్వకాలమును వినుటయు, విన్నపము తానై రాజు నున్నచోటికి వచ్చుటయు. శాసనములోని యవధారణము కాలముమీఁదను, స్థలముమీఁదను బడియున్నది. దీనిని గమనించినచో మెగస్తనీసును గాని, అశోకుని గాని యసత్యవాది యన నక్కఱ లేదు.

ఇంతకంటె ముఖ్య మయినది, నా తలఁపున నీ శాసనమునకుఁ బ్రాణమువంటిది, రెండవ వాక్యము. పరిషత్తులో వివాదము గాని, 'నిఝతి' గాని కలిగినయెడల వెంటనే తెలుపవలెనని యందున్నది. నిఝతి యన నేమి? ఆలోచన మని కొందఱు, నిరాకరణమని కొందఱు నర్థము చెప్పిరి. ధ్యై ధాతువునకు ణిచ్చును, పుగాగమమును వచ్చి 'ధ్యాపి' యగును. జ్ఞప్తి శబ్దమువలె 'నిధ్యప్తి' యను రూపము దానినుండి పుట్టును. ప్రాకృతమున ధ్యకారము ఝకారమగుట ప్రసిద్ధము. కావున నిఝతి యన ఊరక యాలోచించుట కాదు, ఆలోచింపఁజేయుట. ఈ ధాతువే నాలుగవ స్తంభశాసనమునఁ గ్రియారూపమునఁ గలదు. అభిషేకమైన యిరువదియాఱేండ్లకు వ్రాయించిన యా శాసనమున, మరణదండన పొందిన ఖైదీలకు మూఁడు దినముల గడు వీయఁబడినది. ఆ గడువులో వారి జ్ఞాతులు కొందఱు వారి ప్రాణములకై యధికారులను 'నిఝాపన' చేయుదురని యున్నది. అచ్చట నర్థము నిస్సంశయము: ఒకసారి తీర్మానించినవానిని మఱల నాలోచింపుఁడని వేడుట. ఆ యర్థమునే యాఱవ శాసనమునకుఁ గొనివచ్చినచో, రాజు నోట వెలువడిన యాజ్ఞపైఁ బునరాలోచన కోరినవాఁ డెవఁడేని యుండిన, ఆ మాటను దనకుఁ జేర్పుఁడని రాజే చెప్పుచున్నాఁ డనవలెను. అనఁగా, ప్రజల కష్టమునే కాక తన యాజ్ఞలోని లోపమునుగూడ వినఁగోరినాఁడు.

ఇది చిన్న విషయము కాదు. నేఁడు మన రెండు తెలుఁగురాష్ట్రములందును సోమవారమునాఁడు కలెక్టరు కార్యాలయములలోఁ బ్రజల యర్జీలను స్వీకరించు నాచారము కలదు. ఆ వరుసలో నేనును నిలిచినవాఁడనే. ఒక పాఠశాల పైకప్పు కాఱుచున్నదని నేను వ్రాసికొనిన యర్జీ పలు బల్లలు తిరిగి, తుద కా పైకప్పును బాగుచేయింపవలసిన యుద్యోగి చేతికే విచారణకై చేరి, కాఱుట లేదను నుత్తరముతోఁ దిరిగివచ్చినది. మొఱ వినుట యొకటి, ఎవనిపై మొఱయో వాని చేతఁ బడకుండ వినుట యొకటి.

ఈ రెండవదానిని గూర్చి యశోకుఁ డెఱిఁగియే యున్నాఁడనుటకు ధౌళి, జౌగడ శాసనములు సాక్ష్యము. ఋషికుల్యాతీరమందలి జౌగడ యున్న గంజాము మండలము 1936వఱకు మద్రాసురాజధానిలోనిదే. క్రీ. పూ. 261 ప్రాంతమున, అభిషేకమైన యెనిమిదేండ్లకు, అశోకుఁడు కళింగమును జయించెను. లక్షమంది యా యుద్ధమున హతులైరనియు, లక్షయేఁబదివేలమంది చెఱగొనిపోఁబడిరనియు నాతఁడే పదుమూఁడవ శాసనమున నొప్పుకొనెను. ఆ శాసనమును కళింగమందలి యీ రెండు చోట్లను వ్రాయింపలేదు. దానికి బదులు తోసలి, సమాపా నగరముల యధికారులకు రెండు ప్రత్యేకశాసనములు పంపెను. ఇవి కళింగమునకే పరిమితములని చిరకాలము తలఁచిరి గాని, 1989 ప్రాంతమునఁ గర్ణాటమందలి సన్నతిలో నొక పలకపై వీని భాగములు దొరకుటచే నా మాట సడలినది.

మొదటి ప్రత్యేకశాసనమున రాజు నగరవ్యవహారాధికారులను గద్దించుచున్నాఁడు. మనుష్యులందఱును దన బిడ్డ లని చెప్పి, మీరు నా యుద్దేశ మెంతవఱకుఁ బోవునో యెఱుఁగరనుచున్నాఁడు. ఒకానొకనికి నిష్కారణముగాఁ జెఱయో, పరిక్లేశమో కలుగుచున్నదనియు, అందుచేఁ బెక్కండ్రు దుఃఖించుచున్నారనియు వారికిఁ దెలుపుచున్నాఁడు. గమనింపుఁడు: ఈ సంగతి యధికారులు రాజునకుఁ జెప్పినది కాదు, రాజు అధికారులకుఁ జెప్పినది. పాటలీపుత్రమున నున్నవానికిఁ దోసలి చెఱసాల సంగతి వారిని దాటియే రావలెను గదా. తరువాత నీర్ష్య, కోపము, నైష్ఠుర్యము, త్వర, అభ్యాసలోపము, ఆలస్యము, అలసట యని యేడు దోషములను బేర్కొని, వీనిని విడువుఁడనును. కార్యాలయముల నెఱిఁగినవాఁడే యలసటనుగూడ దోషములలోఁ జేర్పఁగలఁడు. పిమ్మట, ఈ యాజ్ఞ నడచుచున్నదా లేదా యని చూచుటకై కఠినుఁడును జండుఁడును గాని మహామాత్రు నైదేండ్ల కొకసారి పంపుదుననియు, ఉజ్జయినినుండి రాజకుమారుఁడు నట్టివారినే మూఁడేండ్లు దాటనీయక పంపుననియు, తక్షశిలనుండియు నట్లే యనియుఁ జెప్పెను.

ఈ శాసనము తిష్యనక్షత్రదినములందు వినఁబడవలెననియు, నడుమ నడుమ నొక్కనిచేనైనను వినఁబడవలెననియు నున్నది. 'శ్రోతవ్యా' యని కర్మణి ప్రత్యయమే కాని, వినవలసినవా రెవ్వరో చెప్పలేదు. అధికారులే యని పెక్కుర మతము. కాని తిట్టు తిన్నవారే తమ తిట్టును దాము చదివించుకొని విందురనుట నాకు నమ్మరాకున్నది. 'ఒక్కనిచేనైనను' అను మాట సామాన్యజనునకును జెల్లును. తన్నుఁ జెఱనుంచిన యధికారి కేమి యాజ్ఞ యున్నదో విన్నవాఁడు మొఱపెట్టుటకు ధైర్యము తెచ్చుకొనును. ఇది యూహయే, దీనికి వ్రాఁతమూలమగు ప్రమాణము లేదు.

ప్రమాణము లేమి ఇంకొకచోటను గలదు. ప్రతివేదకుఁ డొక్కఁడును దాను జేరవేసిన వార్తను ఱాతిపైఁ జెక్కింపలేదు. మొఱపెట్టినవాని పేరొక్కటియు నిలువలేదు. మనకు మిగిలినదంతయు రాజు గొంతుకయే. ఆ గొంతుకలోనే యొక్కచోట మాత్రము పరుల ప్రశ్న వినవచ్చును. రెండవ ప్రత్యేకశాసనమున, జయింపఁబడని సరిహద్దుజనులు తమవిషయమున రాజు తలం పేమో యని సందేహించుచుందురని చెప్పి, దానికి రాజు బదులు పలుకుచున్నాఁడు: వారు నన్నుఁ జూచి భయపడ వలదు, నావలన సుఖమే పొందుదురు, దుఃఖము పొందరు, వారి తప్పులను క్షమింతును. ఆ క్షమించుటకు మాత్రము 'శక్యమైనంత' యను విశేషణమును జేర్చినాఁడు. ధౌళిలోను జౌగడలోను నా పద మున్నది.