నేల, మంచినీటి సూక్ష్మజీవుల సముదాయాలపై కాలుష్య ప్రభావం

నేల, మంచినీటి సూక్ష్మజీవుల సముదాయం అనగా ఒక ప్రదేశంలోని మట్టిలో గాని, చెరువు, కాలువ, నది వంటి జలవనరులలో గాని కలసి జీవించే బాక్టీరియా, ఆర్కియా, శిలీంధ్రాలు, శైవలాలు, ప్రోటోజోవాల సమూహం. ఒక గ్రాము సారవంతమైన మట్టిలో వేల జాతులకు చెందిన బాక్టీరియా వంద కోట్ల వరకు ఉండగలవు. వాతావరణం మారినపుడు, లేదా ఎరువులు, పురుగుమందులు, లోహాలు, ఔషధ వ్యర్థాలు చేరినపుడు ఈ సముదాయాల కూర్పు, పనితీరు మారతాయి. దాని ఫలితం పంట దిగుబడిపైన, తాగునీటిపైన, మానవుల ఆరోగ్యంపైన కనిపిస్తుంది.

ప్రాముఖ్యత

చచ్చిన మొక్కలను, జంతువులను కుళ్ళబెట్టి వాటిలోని పోషకాలను తిరిగి నేలకు చేర్చేవి సూక్ష్మజీవులే. కంది, మినుము, పెసర, వేరుశనగ వంటి మొక్కల వేరుబుడిపెలలో ఉండే రైజోబియం జాతులు, వరి మడిలోని నాస్టాక్, అనబినా వంటి నీలి ఆకుపచ్చ నాచులు గాలిలోని నత్రజనిని స్థాపన చేస్తాయి. నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గాను, నైట్రోబాక్టర్ వంటివి నైట్రైట్‌ను నైట్రేట్‌గాను మారుస్తాయి.

యాంటీబయాటిక్ ఔషధాలలో అనేకం మట్టిలోని సూక్ష్మజీవుల నుండి లభించినవే. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి నాయకత్వం వహించిన లెడర్లే సంస్థలో, బెంజమిన్ డుగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ ఔషధం (1948) మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ జాతి నుండి తీసినదే.

మార్పుకు ప్రతిస్పందించే విధాలు

సూక్ష్మజీవుల సముదాయం ఒక ఒత్తిడికి సాధారణంగా నాలుగు విధాలుగా ప్రతిస్పందిస్తుంది.

* ప్రతిరోధం: ఒత్తిడి కలిగినా కూర్పు పెద్దగా మారకపోవడం.
* కోలుకోవడం: కొంతకాలం దెబ్బతిని, ఒత్తిడి తొలగిన తరువాత పూర్వస్థితికి చేరడం.
* పని నిలిచి ఉండడం: కొన్ని జాతులు నశించినా అదే పని చేయగల ఇతర జాతులు వాటి స్థానాన్ని భర్తీ చేయడం.
* శాశ్వత మార్పు: సున్నితమైన జాతులు నశించి, కాలుష్యాన్ని తట్టుకొనగల జాతులు మాత్రమే మిగలడం.

సేంద్రియ పదార్థాన్ని కుళ్ళబెట్టే పనిని చాలా జాతులు చేయగలవు కాబట్టి అది సులభంగా ఆగదు. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే పనిని కొద్ది జాతులు మాత్రమే చేస్తాయి. అందువలన విషపదార్థాలు చేరిన నేలలో ఈ ప్రక్రియ ముందుగా దెబ్బతినే వాటిలో ఒకటి.

తేమ ప్రభావం

ఎండాకాలంలో ఎండిపోయిన నేలపై తొలకరి వాన పడగానే సూక్ష్మజీవుల చర్య ఒక్కసారిగా పెరిగి, బొగ్గుపులుసు వాయువు అధికంగా వెలువడుతుంది. దీనిని 1958లో వివరించిన హెచ్.ఎఫ్. బిర్చ్ పేరు మీద బిర్చ్ ప్రభావం అంటారు. తొలకరిలో వచ్చే మట్టివాసనకు ప్రధాన కారణం స్ట్రెప్టోమైసిస్ వంటి బాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం.

నీరు నిలిచిన వరి మడిలో ప్రాణవాయువు త్వరగా తరిగిపోతుంది. అపుడు సూక్ష్మజీవులు నైట్రేట్, మాంగనీస్, ఇనుము, సల్ఫేట్‌లను వరుసగా వాడుకుంటాయి. చివరకు ఆర్కియా వర్గానికి చెందిన జీవులు మీథేన్ వాయువును ఉత్పత్తి చేస్తాయి. మడిని మధ్యమధ్యలో ఆరబెట్టినట్లయితే మీథేన్ తగ్గుతుంది.

పురుగుమందులు, లోహాలు

పురుగుమందులు కొన్ని సూక్ష్మజీవులకు విషమైతే మరికొన్నింటికి ఆహారం. నీరు నిలిచిన వరి నేలలలో సూక్ష్మజీవులు గామా బి.హెచ్.సి.ని విచ్ఛిన్నం చేస్తాయని కె. రఘు, ఐ.సి. మెక్‌రే 1966లో తెలిపారు. డయాజినాన్, పారాథియాన్‌లను విచ్ఛిన్నం చేయగల ఫ్లేవోబాక్టీరియం జాతిని ఫిలిప్పీన్స్ వరి పొలం నుండి వేరుచేసినట్లు ఎన్. సేతునాథన్, టి. యోషిడా 1973లో ప్రకటించారు. ఈ శక్తికి కారణమైన ఓపీడీ అనే జన్యువు ప్లాస్మిడ్‌పై ఉంటుంది. అమెరికాలో దొరికిన వేరొక బాక్టీరియాలోనూ ఇదే జన్యువు కనిపించింది. ఒక బాక్టీరియా నుండి మరొక జాతి బాక్టీరియాకు జన్యువులు బదిలీ అవుతాయనడానికి ఇది మంచి ఉదాహరణ. ఈ జన్యువు అమరికపై దయానంద సిద్దవటం బృందం పరిశోధనలు చేసింది. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయపు సూక్ష్మజీవశాస్త్ర విభాగంలో నేలలోని శైవలాలు, బాక్టీరియాపై పురుగుమందుల ప్రభావం గురించి అధ్యయనాలు జరిగాయి.

ఒకే మందును ఏటేటా వాడిన పొలంలో దానిని తినే బాక్టీరియా పెరిగి, మందు త్వరగా నశించి, పురుగుపై పనిచేయకపోవచ్చు. రాగి, కాడ్మియం, సీసం వంటి లోహాల సంగతి వేరు. అవి విచ్ఛిన్నం కావు, నేలలో పేరుకుపోతాయి. లోహాలను తట్టుకొనే జన్యువులు, ఔషధాలను తట్టుకొనే జన్యువులు తరచు ఒకే ప్లాస్మిడ్‌పై ఉండడం వలన లోహ కాలుష్యం కూడా ఔషధ నిరోధకతను పెంచగలదు.

పల్నాడు ప్రాంతం

పల్నాడు జిల్లాలోని శావల్యాపురం మండలం నరసరావుపేట, వినుకొండల నడుమ ఉన్నది. ఈ ప్రాంతపు నీటిపారుదలకు ఆధారం నాగార్జునసాగర్ కుడికాలువ (జవహర్ కాలువ). 1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు నీరు విడుదలయిన తరువాత మెట్ట భూములలో కొంత మాగాణిగా మారింది. గాలి ఆడే మెట్టనేలలోని సూక్ష్మజీవుల స్థానంలో, నీరు నిలిచే కాలంలో ప్రాణవాయువు అవసరం లేని జీవులు ప్రబలం కావడం ఇటువంటి మార్పులో సహజం.

పల్నాడులో పత్తి, మిరప ప్రధాన వాణిజ్య పంటలు. ఈ రెండింటికీ పురుగుమందుల, తెగుళ్ళ మందుల వాడకం ఎక్కువ. మిరపపై చల్లే కాపర్ ఆక్సీక్లోరైడ్‌లోని రాగి నేలలోనే నిలుస్తుంది. క్షారగుణం గల నల్లరేగడి నేలలో పైన చల్లిన యూరియా, సూక్ష్మజీవుల యూరియేజ్ ఎంజైము వలన అమ్మోనియాగా మారి కొంత గాలిలో కలుస్తుంది. మిగిలినది నైట్రేట్‌గా మారగా, మొక్క తీసుకోని భాగం బావులలోకి దిగుతుంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం. కాలువలు, చెరువులలోకి చేరిన నత్రజని, భాస్వరం నాచు పెరుగుదలకు కారణమవుతాయి. మైక్రోసిస్టిస్ వంటి నాచులు కాలేయానికి హాని చేసే విషాన్ని ఉత్పత్తి చేయగలవు.

పటాన్‌చెరు ఉదంతం

తెలుగు ప్రాంతాలలో కాలుష్యం వలన సూక్ష్మజీవుల సముదాయం మారిన సంగతి ప్రపంచం దృష్టికి వచ్చినది హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో. ఇక్కడి పరిశ్రమల కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. సుమారు 90 ఔషధ కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుండి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. చికిత్స పొందే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ.

దిగువనున్న వాగు అడుగు మట్టిలో ఔషధ నిరోధక జన్యువులు, వాటిని ఒక బాక్టీరియా నుండి మరొకదానికి మోసుకుపోయే జన్యుభాగాలు అధికంగా ఉన్నట్లు 2011లో వెల్లడైంది. కాజీపల్లి చెరువులో ఈ జన్యువులు స్వీడన్‌లోని ఒక చెరువుతో పోల్చితే వేల రెట్లు అధికమని 2014లో తేలింది. బాక్టీరియాను చంపవలసిన ఔషధమే మట్టిలో చేరి, దానిని లెక్కచేయని జీవులను పెంచిందన్నమాట. ఇటువంటి జన్యువులు వ్యాధికారక బాక్టీరియాకు చేరితే సామాన్య అంటురోగాలకు కూడా మందు పనిచేయదు.

పటాన్‌చెరు పరిసరాల వాగుల నీరు నక్కవాగు, మంజీరల ద్వారా గోదావరికి చేరుతుంది. హైదరాబాదు మురుగునీటిని మోసే మూసీ నది వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. ఆ సంగమం సాగర్ ఆనకట్టకు దిగువన ఉన్నందున కుడికాలువకు మూసీ నీరు చేరదు. పల్నాడు ఉత్తరపు సరిహద్దున ప్రవహించే కృష్ణకు, పులిచింతల జలాశయానికి మాత్రం చేరుతుంది.

ఔషధ వ్యర్థజలాలలో యాంటీబయాటిక్ అవశేషాలపై పరిమితులను ప్రతిపాదిస్తూ కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో ముసాయిదా విడుదల చేసింది. 2021లో వచ్చిన తుది ప్రకటనలో ఆ పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో ఈ విషయమై మార్గదర్శకాలు ప్రకటించింది.

అధ్యయన పద్ధతులు

ప్రయోగశాలలో సాధారణ పద్ధతులలో పెంచగలిగేవి మట్టిలోని బాక్టీరియాలో ఒక శాతం లోపే. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోసోమ్ ఆర్.ఎన్.ఎ. ఆధారంగా జీవులను వర్గీకరించిన తరువాత, సూక్ష్మజీవులను పెంచకుండానే గుర్తించే మార్గం ఏర్పడింది. మట్టిలోని మొత్తం డి.ఎన్.ఎ.ను చదివే పద్ధతిని మెటాజీనోమిక్స్ అంటారు. నేల విడుదల చేసే బొగ్గుపులుసు వాయువును, ఎంజైముల చర్యను కొలవడం ద్వారా పనితీరును తెలుసుకుంటారు.

సంరక్షణ

పశువుల ఎరువు, పచ్చిరొట్ట, పంటమార్పిడి నేలలో సేంద్రియ పదార్థాన్ని పెంచి సూక్ష్మజీవులు కోలుకొనడానికి తోడ్పడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం అమలవుతున్నది. మందును మోతాదు మించకుండా వాడడం, ఖాళీ డబ్బాలను కాలువలలో కడగకపోవడం, మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలను మురుగులో పారవేయకపోవడం అందరూ పాటించదగినవి. అయితే లోహాలతో కలుషితమైన నేల, నిరోధక జన్యువులు వ్యాపించిన నీరు పూర్వస్థితికి రావడం కష్టం. కనుక కాలుష్యాన్ని పుట్టిన చోటనే ఆపడం ముఖ్యం.

ఇవి కూడా చూడండి

* నత్రజని వలయం
* నాగార్జునసాగర్
* యల్లాప్రగడ సుబ్బారావు
* మూసీ నది
* శావల్యాపురం మండలం