విశ్వాసమునకు వెల: మన ప్రాంత చరిత్రలో కొన్ని పుటలు

1805వ సంవత్సరములో జార్జి క్రాన్, అగస్టస్ దేగ్రాంజి అను ఇద్దరు లండన్ మిషను దొరలు విశాఖపట్టణము చేరారు. ఈ సంగతి మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలిసినదే. వారు తెలుగు నేర్చుకున్నారు, బడి పెట్టారు, దక్షిణదేశములో బాప్తిస్మము పొంది వచ్చిన ఆనందరాయర్ అను బ్రాహ్మణుని సహాయముతో సువార్తలను తెనిగించసాగారు. క్రాన్ 1809లోను, దేగ్రాంజి 1810లోను కన్నుమూశారు. వారి శ్రమఫలమైన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఇంత జరిగినా, ఈ పట్టణపు తెలుగువారిలో ఒకడు ముందుకు వచ్చి బాప్తిస్మము పొందడానికి ఇంచుమించు ముప్పది ఏండ్లు పట్టింది.

దీనికి కారణము దొరల అనారోగ్యమని, భాష కష్టమని సాధారణముగా చెప్పుకుంటాము. అవీ నిజమే. కాని మనస్సు మారడము ఒకటి, ఆ మాట పదిమందిలో చెప్పడము మరొకటి. చెప్పినవాడు ఆ సాయంకాలము ఏ యింటికి పోవాలి? నూతిలో చేద వేయనివ్వరు, పంక్తిలో కూర్చోనివ్వరు. బ్రతికి ఉన్నవానికే ఘటశ్రాద్ధము పెట్టడము కూడా కద్దు. భార్యను పుట్టింటివారు పంపరు. వీటన్నిటికి తోడు ఆస్తి సంగతి ఉన్నది. ఆనాటి న్యాయస్థానములు అన్వయించిన హిందూ ధర్మశాస్త్రము ప్రకారము కులము పోయినవాడు వారసత్వపు హక్కును కూడా కోల్పోయే ప్రమాదము ఉండేది.

పురుషోత్తమ చౌదరిగారు గంజాము ప్రాంతపు బ్రాహ్మణులు. వారు 1833లో బాప్తిస్మము పొందినది స్వస్థలమునకు ఎంతో దూరమైన బళ్లారిలో. పులిపాక జగన్నాథముగారు మాత్రము మన పట్టణపు మిషను బడిలో చదువుకొని, 1847లో ఇక్కడే, తన్నెరిగినవారి కళ్లయెదుటనే బాప్తిస్మము పొందారు. ఆ ధైర్యము ఎంతటిదో నేడు ఊహించడము కష్టము. ఇంటిపేరును గాని, పెట్టిన పేరును గాని ఆయన మార్చుకోలేదు. మన కీర్తనల పుస్తకములో ఇప్పటికీ ఆ పేరే ఉన్నది.

జగన్నాథముగారి బాప్తిస్మము జరిగిన మూడేండ్లకు, 1850లో, ఇరువది ఒకటవ ఆక్టు వచ్చింది. మతము మారినంత మాత్రాన, కులము పోయినంత మాత్రాన ఎవరి వారసత్వపు హక్కు పోదని దాని సారాంశము. ఈ చట్టపు ప్రతిపాదన రాగానే మద్రాసులో పెద్ద గాలివాన లేచింది. దానిని ఎదిరించినవారిలో ముఖ్యుడు మన తెలుగు వర్తకుడే: గాజుల లక్ష్మీనరసు చెట్టిగారు. 1844లో క్రెసెంటు అను పత్రికను నెలకొల్పి, మిషనరీలకు ప్రభుత్వపు అండ కూడదని సొంత సొమ్ముతో పోరాడారు. దొరతనమువారి కోపమునకు వెరవలేదు. ఆయనను మనకు శత్రువుగా చెప్పుకోవడము నాకు ఇష్టము లేదు. నమ్మినదాని కోసము నిలబడిన మనిషి, అవతలి గట్టున నిలబడ్డాడు, అంతే.

అయితే ఈ చట్టము ఎవరిని కాపాడింది? పోగొట్టుకొనడానికి భూమి ఉన్నవానిని. మన సంఘములు నిండినది అటువంటివారితో కాదు. ఒంగోలు ప్రాంతములో యెర్రగుంట్ల పేరయ్యగారి వెంట వచ్చిన మాదిగ విశ్వాసులు 1860ల తరువాత జాతరలలో డప్పు కొట్టమన్నారు, చచ్చిన గొడ్డును తినమన్నారు. అందుకు ఊరిపెద్దలు నూతినీరు ఆపారు, పని ఆపారు. అయినను 1878 జూలై 3న ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారికి వారసత్వమునకు రావలసిన ఎకరాలు లేవు గనుక 1850 ఆక్టు వారికి ఒరగబెట్టినది ఏమీ లేదు.

సరిగా నూరేండ్ల తరువాత, 1950 ఆగస్టు 10న, రాష్ట్రపతి ఉత్తరువు ఒకటి వెలువడింది. హిందూ మతము కాక వేరొక మతమును అవలంబించువాడు షెడ్యూల్డు కులస్థుడు కాడని అందులోని మూడవ పేరా చెప్పింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు ఇచ్చారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1970లో వెనుకబడిన తరగతుల ‘సి’ గ్రూపులో ఒక్క శాతము కేటాయించారు. షెడ్యూల్డు కులములకు ప్రత్యేకించిన శాసనసభ స్థానములో పోటీ చేసే హక్కు మాత్రము లేదు. ఆనాడు మతము మారినవాని వారసత్వమును చట్టము నిలబెట్టింది. ఈనాడు తాతల నుండి అంటరానితనము తప్ప మరేమీ సంక్రమించనివానికి, దాని పరిహారము కూడా అందకుండా పోయింది.

1933లో ఓడరేవు తెరచిన నాటినుండి, ఆ తరువాత షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారము వచ్చినప్పుడు, పల్లెల నుండి ఎందరో మనవారు ఈ పట్టణము చేరారు. ఉద్యోగపు దరఖాస్తులో మతము అను గడి ఉంటుంది. సంఘపు రిజిస్టరులో ఒక పేరు, సర్టిఫికేటులో మరొక పేరు గల కుటుంబములు మన మధ్య ఉన్నవని అందరము ఎరుగుదుము, ఎవరమూ పైకి అనము. వారిని పిరికివారని వేదికల మీదనుండి మందలించడము సులభము. బిడ్డ ఫీజు కట్టవలసిన తండ్రికి ఆ గడి దగ్గర కలము ఆగుతుంది. ఆగకుండా క్రైస్తవుడని వ్రాసినవారు కూడా మన బల్లల మీదనే కూర్చొని ఉన్నారు. వారి పేర్లు ఏ జ్ఞాపికలోనూ లేవు.

మూడవ పేరాను తొలగించవలెనని 2007లో రంగనాథ మిశ్రా కమిషను సిఫారసు చేసింది. 2022లో కేంద్రము జస్టిస్ బాలకృష్ణన్ అధ్యక్షతన మరియొక కమిషనును వేసింది. 2023 మార్చిలో మన రాష్ట్ర శాసనసభ, దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులముల హోదా ఇమ్మని తీర్మానించి కేంద్రమునకు పంపింది.