ఆనవాలు రాసుకుందాం

శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుడికి పిల్లలను తీసుకెళ్లినప్పుడు మేము చందవరం సంగతి చెబుతాం. ప్రకాశం జిల్లాలోని ఆ బౌద్ధ క్షేత్రంలో ఒక సున్నపురాతి శిల్పఫలకం దొంగలపాలైంది. 2005లో న్యూయార్క్ వ్యాపారి దగ్గర ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాన్ని కొన్నది. అది చందవరంలో ఉన్నప్పటి ఫొటో బయటపడ్డాకే 2016లో మన దేశానికి తిరిగొచ్చింది.

1972 చట్టం ప్రకారం ప్రైవేటు వాళ్లెవరూ పురావస్తువులను దేశం దాటించరాదు. కానీ పోయినదాన్ని అడగాలంటే ఆధారం చూపాలి.

సంస్థానాధీశులు కట్టించిన ఈ గుడి చరిత్ర అందరికీ తెలుసు. నల్లమలలో గుప్తనిధుల కోసం తవ్విపారేసే చోట్ల మన దేవతల రాళ్లకు ఫొటో ఏది? కొలత ఏది? పెద్దలు చెబుతుండగా బడిపిల్లలతో ఇప్పుడే రాయిద్దాం. ఆనవాలు లేని దేవత పోతే, మనదని ఎవరు నమ్ముతారు?